వ్యర్థ కదలికలు

దాలినాయుడు బండి కిందికి పూర్తిగా దూరకముందే అతని చెయ్యి స్పానరు అందుకుంది. అందుకున్నది అతను కాదు, చేతికున్న పనితొడుగు. ఆ పూట పాడేరులో దోసె తిప్పిన చేతికీ, గడ్డం గీసిన చేతికీ, చంటిబిడ్డకు నీళ్లు పోసిన చేతికీ అలాంటి తొడుగులే ఉన్నాయి. చెయ్యి తిరిగినవాడి పనిని ఒక్కసారి నమోదు చేస్తే చాలు, ఆ హస్తపాఠం ఎవరి చేతైనా అదే పని చేయిస్తుంది. ఏదైనా నేర్చుకోవాలన్న బాధ జనానికి తప్పి ఇరవై ఏళ్లవుతోంది.

షెడ్డు గుమ్మంలో స్టూలు మీద అతని భార్య పారమ్మ కూర్చుని ఉంది. కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప బతకని మనిషి. వాన వల్ల ఒక వంతు అప్పటికే తప్పిపోయింది. తమంతట తాము నడిచే బళ్లు ఘాటురోడ్డు లెక్కలు చూసుకుని, కొండ దిగబోమని మొరాయించాయి. ఆమె చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. మూడింటికి ఇచ్చిన వంతుకైనా కొండ కింద ఆసుపత్రికి చేరకపోతే ఇంకో రాత్రి గడవడం కష్టమని దాలినాయుడికి తెలుసు. ఆమె ఎదుట ఆ మాట అనలేక పొద్దుటినుంచీ వానను తిడుతున్నాడు.

చేత్తో నడిపే బండి ఊళ్లో మిగిలింది అతని పాత పికప్పొక్కటే. నిన్న పొంగిన గెడ్డవాగు దాటినప్పుడు దాని వెనక హౌసింగులోకి నీళ్లు పోయాయి. వెనక చక్రాలను తిప్పే పళ్ల చక్రాలు ఆ డొల్లలో నూనెలో మునిగి తిరుగుతాయి. ఆ నూనె చెడితే అవి ఒకదాన్నొకటి కొరుక్కుని బిగుసుకుపోతాయి. ఘాటు మలుపులో బిగుసుకుంటే ఇక చెప్పేదేముంది.

తొడుగు హౌసింగు కింది నట్టు విప్పింది. మజ్జిగలా తెల్లబడ్డ నూనె బకెట్లోకి జారింది. పాఠం ప్రకారం నట్టు తుడిచి బిగించి, కొత్త నూనె పోయడానికి పై నట్టుకు స్పానరు వేసింది.

నట్టు కదల్లేదు. తొడుగు బలం పెంచింది, ఇంకా పెంచింది. దాలినాయుడి మోచెయ్యి కలుక్కుమంది. తుప్పు పట్టిన నట్టు మూలలు అరిగి గుండ్రబడ్డాయి, స్పానరు ఊరికే తిరిగింది. ఆ తర్వాత ఏం చేయాలో పాఠంలో లేదు. తొడుగు చల్లబడి ఊరుకుంది.

పాత నూనె పోయింది, కొత్తది పట్టే దారి మూసుకుంది. గడియారంలో పదకొండున్నర.

"పై నట్టు ముందల ఒదులు సేసుకోవా మావా? అది వచ్చిద్దని తెలిసినాకే కదా నువ్వు కింది నట్టు ముట్టుకునీవోడివి," అంది పారమ్మ.

దాలినాయుడు బండి కిందినుంచి బయటికొచ్చి కూర్చున్నాడు. ఆ హస్తపాఠం అతనిదే. ఇరవై ఏళ్ల క్రితం ఒక సంస్థవాళ్లు అతని చేతులకు తీగలు చుట్టి నమోదు చేసుకున్నదే దేశమంతా వాడుతోంది. అందులోంచి పదకొండు వ్యర్థ కదలికలు తీసేశామని వాళ్లు చూపించారు. చెమట తుడుచుకోవడం ఒకటి, బీడీ కోసం జేబు తడుముకోవడం ఒకటి. పై నట్టు వదులు చేసి వెంటనే మళ్లీ బిగించడం ఇంకొకటి. విప్పి బిగించడమేమిటని వాళ్లు నవ్వితే, సిగ్గుపడి తనూ నవ్వి సంతకం పెట్టాడు. గురువు వీపు మీద ఒక్కటిచ్చి మరీ నేర్పిన ముక్క అది. ఇన్నేళ్లూ తొడుగే పని చేస్తుంటే తనూ మరిచిపోయాడు. కన్నబిడ్డను అమ్ముకున్నవాడికి కలగాల్సిన సిగ్గు ఇప్పుడు కలిగింది.

"అలా కూకుంటే అవుద్దా? ఆ కాఫీతోట బండికి గాలిమూత పీకి పోసినావు, గుర్తునేదా? నూనిని వేణ్ణీళ్లల్లో ఎట్టి పలసన సేసినావు. నేనే కదా గరాటు పట్టుకున్నాను."

అతనికి గుర్తులేదు. అయినా తొడుగులు ఊడబీకాడు. లోపలి వేళ్లు నీళ్లలో నానినట్టు పాలిపోయి, వణుకుతూ, స్పానరు పట్టు దొరక్క రెండుసార్లు జారవిడిచాయి. ఇరుసు పైన, హౌసింగుకు గాలి ఆడేందుకు పెట్టిన బొటనవేలంత గాలిమూత ఎక్కడుందో ఆమె చెబితే తడిమి పట్టుకున్నాడు. దాన్ని విప్పి, సన్నగొట్టం దూర్చి, బకెట్లో పడినదానికి సరిపడా కొత్త నూనెను చుక్కచుక్కగా దింపాడు. అది పూర్తయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఘాటు దిగుతున్నంతసేపూ ఇద్దరూ వెనక శబ్దం వింటూనే కూర్చున్నారు. బండి గొణిగింది గాని బిగుసుకోలేదు.

మూడింటికి ఐదు నిమిషాలుండగా పారమ్మ ఆసుపత్రి మంచం మీద పడుకుంది. నర్సు సుభాషిణి, పాతికేళ్ల పిల్ల, తొడుగులు వేసుకుని సూది ఎత్తింది. పారమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

మునుపటి నర్సమ్మ సూదికి ముందు తన అరచేతిని, రక్తం తీయడానికి ఆపరేషన్ చేసి ఉబ్బించిన చేతి నరం మీద కాసేపు ఆనించి ఉంచేదని, లోపల పారే రక్తం గుయ్యిమని అదురుతేనే గుచ్చేదని ఆమె చెప్పింది. ఒక వంతు తప్పితే నరంలో రక్తం గడ్డకట్టవచ్చునట. అప్పుడు గుచ్చితే ప్రాణానికే ముప్పు. తనే చూసుకుందామంటే షుగరుతో వేళ్లకు స్పర్శ పోయి చాలా ఏళ్లయింది.

సుభాషిణి సూది పక్కన పెట్టి, పాఠంలో అలాంటిదేదీ లేదని నెమ్మదిగా చెప్పింది. దాలినాయుడికి అర్థమైంది. ఊరికే చెయ్యి ఆనించి ఉంచడం ఎవరి లెక్కలో చూసినా వ్యర్థమే.

"తొడుగు తీసి సూడమ్మా," అన్నాడు.

ఆ పిల్ల తొడుగు తీసి, వేళ్లు నరం మీద పెట్టింది. చాలాసేపు ఉంచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం తెలియాలో నాకు తెలియట్లేదు బాబాయ్. ఎప్పుడూ పట్టుకోలేదు."

డాక్టరు కోసం కబురు పెట్టింది. ఆయన రావడానికి గంట పడుతుందన్నారు. పారమ్మ ఊపిరి అందక తలగడ మీద పైకి జరిగింది. దాలినాయుడు గోళ్లలో నూనె మడ్డి ఉన్న తన అరచేతిని ఆమె నరం మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

అరచేతి కింద ఏదో సన్నగా అదురుతోంది. అది ఆమె రక్తమో, తొడుగు ఊడబీకినప్పటినుంచీ ఆగని తన చేతి వణుకో అతనికి తెలియడం లేదు.