జోడు తొడుగు

పారమ్మ పనిచేసే ల్యాబులో జెర్రిలా కరిచే చేతి తొడుగులు తయారవుతున్నాయని, అవి తొడుక్కున్నవాళ్లు అమ్మవారు పూనినట్టు కేకలు పెడుతున్నారని ఎదురింటి దమయంతి వీధంతా చెప్పిందట. ఆ మాట పారమ్మ దాకా మోసుకొచ్చింది ఆమె అత్త నీలమ్మ.

“దమయంతి ఆడబిడ్డ కళ్లారా సూసిందట కూడాను. ఏటే, నిజిమేనా?”

“కరవడం నిజమే అత్తా. జెర్రి మాత్రం అబద్ధం.”

“నొప్పెట్టే తొడుగు సెయ్యడానికా అంత సదువు సదివినావు? నొప్పి తగ్గే తొడుగేదో సేసుంటే నా మోకాళ్లకి పనికొచ్చును కదే!”

పారమ్మ నవ్వి, కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్లు పట్టుకుంది. ఆ కుళాయి కోసమే ఆమె తిప్పలన్నీ.

అది 2091వ సంవత్సరం. సముద్రం ఊళ్ల మీదికి జరిగి జరిగి, శ్రీకాకుళం తీరంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే పడుతున్న కాలం. జనం తాగేది గాజు జల్లెడ నీళ్లు. పల్చటి గాజు పలకకు కంటికి ఆనని రంధ్రాలు కోట్ల కొద్దీ తొలిచి, సముద్రపు నీటిని దానిగుండా తోస్తారు. ఉప్పు ఇవతల ఆగిపోతుంది, తియ్యటి నీరు అవతలికి దిగుతుంది. ఏడాది తిరిగేసరికి జల్లెడ పాడవుతుంది. మళ్లీ కొత్తది కావాలి. అంత సన్నగా గాజును తొలవగలిగేది ఒక్క హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమే.

అది మహా దొంగ ఆమ్లం. గాజునే తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాలో తప్ప నిలవదు. మిగతా ఆమ్లాలు ఒంటి మీద పడితే చుర్రుమంటాయి, మనిషి ఎగిరి గంతేస్తాడు. ఇది నీళ్లు కలిపి పల్చబడినప్పుడు చప్పుడు చెయ్యకుండా చర్మంలోకి దిగి, ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఎక్కువ దిగితే గుండెనే ఆపేస్తుంది. నొప్పి తెలిసేది గంటల తర్వాత, అప్పటికి జరగాల్సింది జరిగిపోతుంది. పోయినేడు ల్యాబులోనే పనిచేసే లక్షుంనాయుడు చేతి మీద చుక్క పడితే గుడ్డతో తుడుచుకుని, టీ తాగి, ఇంటికెళ్లి పడుకున్నాడు. వెంటనే ధారగా నీళ్ల కింద కడిగి, కాల్షియం జెల్ పట్టించి, ఆస్పత్రికి పరుగెత్తి ఉంటే రెండు వేళ్లూ దక్కేవి.

ఆ వేళ్లు పోయాక తనిఖీ శాఖ తాఖీదు పంపింది. ఈసారి తనిఖీకి వచ్చేనాటికి మనుషుల చేతులు భద్రమని రుజువు చూపకపోతే ల్యాబుకు తాళం. తాళం పడితే వచ్చే ఎండాకాలానికి ఒక్క కుళాయిలోనూ చుక్క ఉండదు.

అందుకే పారమ్మ ‘ముందునొప్పి తొడుగు’ కనిపెట్టింది. మామూలు రక్షణ తొడుగు లోపల సాలెగూడంత సన్నని సెన్సర్ పొర అతికించింది. తొడుగు పైన ఆమ్లం ఆవిరి సోకగానే ఆ పొర చేతి నరాలకు అచ్చం కాలినట్టే మంట పంపుతుంది. చర్మానికి ఏమీ కాదు, నొప్పి మాత్రం అసలుసిసలుది. అంతకుముందు ఎర్ర లైటు పెడితే దాని మీద టోపీ తగిలించారు. సైరన్ పెడితే గుడ్డలు కుక్కారు. నొప్పి నోట్లో గుడ్డలెవడు కుక్కుతాడని ఆమె ధీమా.

ఆ ధీమా వారం నిలవలేదు.

ఒకనాడు ఆమె మీటింగు నుంచి తిరిగొచ్చేసరికి ల్యాబులో ఈలలు వినిపిస్తున్నాయి. కూర్మన్న ఆమ్లం పొగను లాగేసే అద్దాల పెట్టెలో, అదే ఆవిరి గూటిలో, చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. గాజు తొలిచే విద్యలో డాక్టరేట్ చేసిన మనిషి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, పళ్లు బిగుసుకున్నాయి. చుట్టూ నలుగురు చప్పట్లు కొడుతున్నారు.

గోడలోంచి పహరా పలికింది. ల్యాబును కనిపెట్టుకుని ఉండే యంత్రం అది.

“పారమ్మ గారూ, కూర్మన్న గారికి నొప్పి చాలా తీవ్రంగా ఉంది. అయినా చెయ్యి తీయడం లేదు. కారణం నాకు అర్థం కాలేదు.”

పారమ్మ అతని మోచెయ్యి పట్టి లాగేసింది. “ఒరే కూర్మన్నా! ఏట్రా ఇది?”

“పందెం అప్పా. మధు కంటే ఎక్కువసేపు ఓర్సినాను!” అన్నాడు రొప్పుతూ, సొంత అక్కకు చెప్పుకున్నట్టు. “మా తాత గౌరమ్మ పండగలో నిప్పులు తొక్కినోడు. నాకిదో లెక్కా?”

“అది నిన్ను పారిపొమ్మని చెప్పే నొప్పిరా సన్నాసీ!”

“సెప్పింది అప్పా. ఇన్నాను. ఓర్సుకున్నాను.”

పారమ్మ అతని చేతి నుంచి తొడుగు ఊడదీసింది. నొప్పిని వినకుండా ఉండలేరనుకుంది. విని, ఓర్చుకుని, దాన్నే గొప్పగా చెప్పుకుంటారని ఆమె లెక్కల్లో ఎక్కడా లేదు. తనిఖీ చూస్తే ముంచుకొస్తోంది.

మర్నాడు పొద్దున్న నీలమ్మ పొయ్యి మీది గంజి గిన్నెను ఉత్త చేతులతో దించుతోంది. వేళ్లు కాలుతున్నా మొహంలో చిన్న ముడత కూడా లేదు. గిన్నె కింద పెడుతుంటే ఒక్క చుక్క తొణికి పారమ్మ పాదం మీద పడింది.

“ఓలమ్మో, నా కోడలి కాలు కాలిపోనాదిరో!” అని నీలమ్మ వీధి అదిరేలా అరిచింది. ఆ అరుపుకు దమయంతి కిటికీ తెరుచుకుంది కూడా.

పారమ్మ కాలు తుడుచుకోలేదు. అత్త వేళ్ల వంక, తన పాదం వంక మార్చి మార్చి చూసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ల్యాబుకు పరుగెత్తింది.

“మన నొప్పి మనం ఓర్చుకుంటాం పహరా! పక్కవాళ్లది ఓర్చుకోలేం. నా తొడుగుకు ఆమ్లం తగిలితే మంట కూర్మన్న చేతికి పంపు. అతనికి తగిలితే నాకు పంపు. ఇద్దరిద్దర్ని జోడు కట్టు.”

“తప్పు చేసేది ఒకరు, నొప్పి పడేది ఒకరా? ఇది న్యాయమేనా పారమ్మ గారూ?”

“న్యాయం సంగతి తర్వాత. ముందు పని చేస్తుందేమో చూడు.”

భేషుగ్గా పనిచేసింది. జోడు తొడుగులు వచ్చిన రోజు నుంచి పందేలు ఆగిపోయాయి. ఎదుటివాడి నొప్పితో పందెం కాస్తే ఎదుటివాడు ఊరుకోడు కదా! “నీ మూత సరిగ్గా బిగించు, నా చెయ్యి సురుక్కుమంటంది” అని ఒకరు, “ఆవిరి గూడు అద్దం దించి ఏడు బాబూ” అని ఇంకొకరు. అన్నాళ్లూ గోడకు వేలాడిన జాగ్రత్తలన్నీ తిట్ల రూపంలో మనుషుల నోళ్లలోకి వచ్చేశాయి.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టర్ శశిరేఖ గారు వచ్చారు. ఎంతమాత్రం నవ్వని మనిషి. ఆవిడకు హాలు ఆ చివర కూర్మన్న చేతి తొడుగుతోనే జల్లెడలు చూపిస్తున్నాడు. ఈ చివర పారమ్మ ఆవిరి గూటిలో ఆమ్లం వంపుతోంది. వెనకవైపు ప్లాస్టిక్ గొట్టానికి వెంట్రుకంత పగులు పడిన సంగతి ఎవరికీ తెలియదు.

“అమ్మోవ్!” కూర్మన్న గెంతాడు. “అప్పా, చెయ్యి తియ్యి! మండిపోతంది!”

పారమ్మకు ఏమీ తెలియడం లేదు. చేతిలో సీసా ఉంది, ఇంకొక్క గిన్నె వంపితే పని పూర్తవుతుంది, ఇన్‌స్పెక్టర్ కళ్లు తన మీదే ఉన్నాయి. “ఒక్క క్షణం ఆగరా” అంది.

“ఆగడానికి నీ చెయ్యి కాదే కాలేది, నాది!” అంటూ కూర్మన్న హాలంతా ఒక్క అంగలో దాటినట్టు వచ్చి, ఆమె భుజం పట్టి వెనక్కి గుంజాడు. పహరా ఆవిరి గూడు మూసేసి గొట్టం కట్టేసింది. పారమ్మను నీళ్ల ధార కిందికి నెట్టారు. తొడుగు పైన ఆమ్లం చుక్కలు మెరుస్తున్నాయి. అది కడిగి తీసి చూస్తే, లోపలి చెయ్యి అప్పుడే స్నానం చేసిన పసిపాప చెయ్యిలా ఉంది. అయినా జెల్ పట్టించి, డాక్టరుకు చూపించి గానీ వదల్లేదు. ఎక్కడా మచ్చ లేదన్నాడు డాక్టరు.

కూర్మన్న చేతిలో మంట చల్లారింది. “నొప్పి నాది, పేరు నీదా అప్పా?” అని మూలిగాడు.

“పేరు కూడా సగం నువ్వే తీసుకోరా!” అంది పారమ్మ. ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి.

శశిరేఖ గారు పగిలిన గొట్టాన్ని, మచ్చలేని చేతిని మళ్లీ మళ్లీ చూశారు. “నేను నటన చూపిస్తారనుకున్నాను. మీరు నిజం ప్రమాదాన్నే చూపించారు. ల్యాబు నడుస్తుంది. ఈ తొడుగు దేశంలో ప్రతి ఆమ్లశాలకూ వెళ్తుంది” అని, మొదటిసారి నవ్వారు.

హాలు ఈలలతో అదిరిపోయింది. ఎవరో పారమ్మను కుర్చీతో సహా పైకెత్తారు. తీరం పొడుగునా కుళాయిలు ఇక ఆగవు. ఆమెకు గాల్లో ఉన్నంతసేపూ ఇంట్లో కుళాయి కింద గ్లాసు నిండుతున్న చప్పుడే వినిపించింది.

చప్పట్లు సద్దుమణిగాక డైరెక్టరు రామలింగస్వామి గారు మైకు అందుకున్నారు. ఆయన గది మూడో అంతస్తులో ఉంటుంది. ఆమ్లం వాసన అక్కడిదాకా ఎప్పుడూ పోలేదు.

“మన పారమ్మ, మన కూర్మన్న చరిత్ర సృష్టించారు. ఇక మనకు భయం దేనికి? ఇంత గట్టి రక్షణ ఉన్నాక పాత నిదానం అక్కర్లేదు. రేపటి నుంచి ఆమ్లం గాఢత రెట్టింపు చేద్దాం. అద్దం దించుకుంటూ కూర్చుంటే ఆలస్యం, దాన్ని తీసేద్దాం. ఒక్కరితోనే ఇద్దరి పని చేయిద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?”

చప్పట్లు కొట్టబోయిన చేతులు సగంలో ఆగాయి. పారమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే కూర్మన్న జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వెళ్లాడు. పారమ్మ చేతికి జోడుగా ఉన్న తొడుగును తన చేతి నుంచి ఊడదీసి, డైరెక్టరు గారి మైకు పక్కన పెట్టాడు.

“మాకేటీ అభ్యంతరం నేదు సార్. రేపట్నుంచి మా అప్పకి జోడు మీరు తొడుక్కోండి.”