చివరి ఆవు

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లామిసి కుర్చీని గోడకు వీపు వచ్చేలా జరిపి కూర్చుంది. ఫొటోలో తన మొహమూ పడాలి, వెనక ఆ గోడా పడాలి. అక్రాలో ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలి మొదలై వారమైంది. నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఊరి మీద ఎవరో పిండి జల్లించినట్టుంది. సముద్రం ఉండాల్సిన చోట ఏమీ కనబడటం లేదు.

ఇళ్ళ లోపలి అలంకరణలో లామిసి పేరు ఇప్పుడిప్పుడే నలుగురి నోళ్ళలో పడుతోంది. ఈ ఫ్లాట్ ఆమె పనితనానికి నమూనా. ఇవాళ పత్రిక వాళ్ళు వచ్చి మాట్లాడి, రాసేది బాగా రాస్తే, పన్నెండంతస్తుల కొత్త హోటల్ పని ఆమెకే వస్తుంది. రాకపోతే ఇంకో ఐదేళ్ళు పెద్దమనుషుల భార్యలకు కర్టెన్లు ఎంచిపెడుతూ బతకాలి. అందుకే ఊరి నుంచి అటిపోక పిన్ని పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఎత్తితే ఏమంటుందో తెలుసు. నాన్నమ్మను పూడ్చి మూడేళ్ళయింది. ఆఖరి కర్మ రేపే. అది జరిగేదాకా ముసలామె తన గదిలోనే ఉన్నట్టు లెక్క. ఆ రోజు పెద్ద మనవరాలైన లామిసి వచ్చి ఆ గది గోడ మీద మిగిలిన పని తన చేత్తో పూర్తి చేస్తేనే ఆమె దారి ఆమె పట్టుకుంటుంది. ఈ మహాతల్లికి తీరిక లేదని ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశారు.

ఇప్పుడు లామిసి వీపు వెనక ఉన్నది ఆ గోడకు నకలు. ఎరుపు, నలుపు, తెలుపు. పైన కొండచిలువ, నడుమ పగిలిన సొరబుర్ర ముక్కల్లాంటి త్రికోణాలు, అన్నిటికన్నా కింద మోకాలి ఎత్తులో ఆవుల వరస. నాన్నమ్మను పూడ్చిన వారానికి ఊరెళ్ళి, గోడను ఫోన్‌లో ఫొటో తీసుకుని, దిగిన కారులోనే తిరిగొచ్చింది. ఆ ఫొటో చూసి పనివాళ్ళు గీతకు గీత దించారు. ఆవుల వరస చివర నాన్నమ్మ వదిలిన జానెడు ఖాళీని కూడా అలాగే వదిలారు. వచ్చినవాళ్ళు అది చూసి పని సగంలో ఆపేశారనుకోరూ? పొద్దున్నే లామిసి తనే కుంచె పట్టుకుని అక్కడ ఒక ఆవును వేసేసింది. పుట్టి బుద్ధెరిగాక గోడ మీద ఆమె చెయ్యి పడటం అదే మొదలు.

పత్రిక నుంచి వచ్చిన పిల్ల పేరు డెడే. కళ్ళు చురుకు, మాట మెత్తన. ముందు నాలుగు ఫొటోలు తీసుకుంది. తరువాత సోబోలో షర్బత్ గ్లాసు పక్కన పెట్టుకుని అడగడం మొదలెట్టింది.

"ఈ విద్య మీకెలా అబ్బింది మేడమ్?"

"మా ఇంటి ఆడవాళ్ళ విద్యే ఇది. నాన్నమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాను. నా వేలు పట్టుకుని గీయించేది."

పచ్చి అబద్ధం. కోతలయ్యాక ఇంటి ఆడవాళ్ళంతా పేడా మట్టీ కలిపి గోడలకు పూస్తుంటే, ఈమె ముక్కు మూసుకుని బడికి పారిపోయేది. నాన్నమ్మకు 'పేడగోడల ముసల్ది' అని పేరు పెట్టింది కూడా ఈమే. ముసలామె విని నవ్వేది. తిరగలి రాయి పడి చిటికెనవేలు పోయిన ఎడమ పాదాన్ని చాపుకుని, "రావే తల్లీ, ఒళ్ళో కూచో, ఒక్క ఆవు గీయి చాలు" అని బతిమాలేది. పిల్ల వచ్చేది కాదు. చదువుకునే రోజుల్లో పరాయి దేశపు మాస్టారొకడు తెర మీద అలాంటి గోడల బొమ్మ చూపించి ఆహా అన్నాడు. లామిసికి నాన్నమ్మ గుర్తొచ్చింది ఆ రోజే.

"మీ పనికి మూలసూత్రం ఏమిటంటారు?"

లామిసి ఈ జవాబును రాత్రే అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుంది. "గది అంటే ఒడి లాంటిది. ఒకసారి కూర్చుంటే లేవబుద్ధి కాకూడదు."

డెడే రాసుకుంటూ ఆగింది. ముక్కు ఎగబీల్చింది. "పక్కింట్లో ఏదో ఉడుకుతున్నట్టుంది కదూ?"

లామిసికి ఆ వాసన తెలుసు. దవదవ కాయల తొక్కల్ని రోజంతా ఉడికించి తీసే కషాయం వాసన అది. రంగులు నిలవడానికి చివర్లో గోడ మీద చల్లుతారు. అక్రాలో ఈ పని ఎవరూ చెయ్యరు.

"కిటికీ వేస్తానుండు," అంటూ లేచింది.

కిటికీ వేసే ఉంది.

డెడే ఈలోగా గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "ఈ చివరి ఆవు తడిగా ఉంది మేడమ్." వేలు చూసుకుని వాసన చూసింది. మొహం చిట్లించింది. "ఇది రంగు కాదు. పేడ."

"రంగే, పొద్దున నేను వేసిందే. నాన్నమ్మ అక్కడ ఖాళీ వదిలేసింది. ముసలితనం కదా, ఓపిక లేక వదిలేసుంటుంది."

"కావాలనే వదిలిందేమో... మా ఊళ్ళోనూ పెద్దవాళ్ళు అలా..."

పిల్ల మాట పూర్తి కాలేదు. గోడలోంచి చప్పుడు.

గర్... గర్... గర్...

ఊళ్ళో పూత నునుపెక్కడానికి రుద్దినట్టు, నున్నటి గులకరాయితో గోడను రుద్దుతున్న చప్పుడు. మోకాలి ఎత్తులో. ఆ చివరి ఆవు వెనక. గోడకు అవతల గది లేదు. నాలుగంతస్తుల గాలి తప్ప ఏమీ లేదు.

ఎవరో గుసగుసగా అన్నారు. "దారేదే... తల్లీ?"

డెడే ఒక్క ఉదుటున లేచింది. సంచీ తీసుకుంది, చెప్పులు మరిచిపోయింది. మెట్ల మీద ఆమె పరుగు కాసేపు వినిపించింది. తరువాత అదీ ఆగిపోయింది.

ఫోన్ మోగింది. ఈసారి లామిసి ఎత్తింది.

"పిన్నీ..."

"ఇప్పటికి తెలిసిందటే పిన్ని ఉందని?" అటిపోక గొంతు బొంగురుపోయి ఉంది. "ఏం చేశావే నువ్వు? పొద్దున ముసలామె గది తెరిస్తే చివరి ఆవు వేసేసి ఉంది. తడి కూడా ఆరలేదు. తాళం చెవి నా కొంగునే ఉంది. ఎవరు వేశారు?"

"నేను... ఇక్కడ... ఇక్కడి గోడ మీద వేశాను పిన్నీ. ఊరికే..."

అవతల మేకల అరుపులు వినిపించాయి.

"ఆ జాగా ఆవు కోసం కాదే, ఆమె కోసం. అందరం చుట్టూ నిలబడి, ఆమెను పిలిచి, బయటికి నడిపించి, అప్పుడు పూడ్చాలి దాన్ని. నువ్వు మనిషి లోపలుండగా తలుపేశావు."

"చెరిపేస్తా పిన్నీ. ఇప్పుడే గీకేస్తా. రాత్రి బస్సుకి వచ్చేస్తా."

"రేపు కర్మ లేదు. వచ్చినవాళ్ళను పంపించేస్తున్నాం." పిన్ని ఏడుస్తోంది. "ఎవర్ని సాగనంపమంటావు? గదిలో ఆమె లేదే. మూడేళ్ళుగా ఉన్న దవదవ వాసన ఇవాళ లేదు. ఎక్కడికి పోయిందో, నీకే తెలియాలి."

ఫోన్ కట్టయింది.

లామిసి వంటింట్లోంచి కత్తి తెచ్చి ఆవును గీకింది. తడి పేడ ముద్దలుగా రాలింది. కింద ఇంకో ఆవు ఉంది. దాన్నీ గీకింది. దాని కింద ఇంకోటి... తడిగా. గోళ్ళలో ఎర్రమట్టి ఇరుక్కుంది. సిమెంటు తగల్లేదు. గర్ గర్ చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. చేతులు పడిపోయాక వెనక్కి తూలి, కుర్చీలో కూలబడింది. ఏడుపొచ్చింది. 'ఒక్క ఆవు గీయి చాలు' అన్న మనిషికి తను ఆ ఒక్కటీ ఎప్పుడు గీసింది, ఎందుకు గీసింది! తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్‌లో మెసేజి. డెడే పంపింది. "మేడమ్, ఆ ఇంట్లో ఉండకండి. మొదట తీసిన ఫొటో చూడండి."

చూసింది. బాగా వచ్చింది. వెనక గోడ, ముందు తను, మొహాన నవ్వు. కానీ కుర్చీలో తను ఉండాల్సిన దానికన్నా జానెడు ఎత్తులో కూర్చుంది. కింద తన ఎర్ర బూట్లు నేలకు ఆనలేదు. వాటి వెనక ఇంకో రెండు పాదాలు. చెప్పుల్లేవు. మడమలకు ఎండిన మట్టి. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు.

లామిసి మెల్లగా కిందికి చూసుకుంది.

ఇప్పుడు కూడా ఆమె బూట్లు నేలకు ఆనలేదు. లేవబోయింది. నడుం చుట్టూ ఏదో బిగిసింది. ఎండిన చెయ్యి ఒకటి వెనక నుంచి వచ్చి, ఆమె చూపుడువేలు పట్టుకుని, గాలిలో ఆవు కొమ్ము గీయించసాగింది.