తన్మయి రాసిన మూడో పేజీ

"చూడ్డానికే తప్ప ఇంక దేనికీ పనికిరాదండీ ఈ టూలు. దీనికి డాక్యుమెంటేషన్ ఎందుకు?" అన్నాడు వంశీకృష్ణ, కుర్చీలో వెనక్కి వాలి.

"చూడ్డానిక్కూడా భయపడేవాళ్లు ఉన్నారు కాబట్టి," అంది తన్మయి తలెత్తకుండా.

గుడివాడలో ఎరువుల కొట్టు పైన ఉంది వెంకటాద్రి గారి సర్వే ఆఫీసు. చేపల చెరువులకీ మురుగు కాలవలకీ మ్యాపులు గీసి ఇవ్వడం వాళ్ల పని. ఒక్కో మ్యాపూ గట్టు మారినప్పుడల్లా మారుతుంది. ఏది పాతదో తెలియక పోయిన వేసవిలో ఒకచోట తవ్వాల్సిన కాలవ ఇంకోచోట తవ్వారు. అప్పుడు వంశీ ఈ ఏపీఐ టూలు తయారుచేశాడు. ఫైలు నంబరూ వెర్షన్ నంబరూ ఇస్తే, ఆ వెర్షన్ ఎవరు సేవ్ చేశారు, ఎప్పుడు, ఏం మార్చారు అన్నీ చెబుతుంది. చెప్పడమే. దేన్నీ మార్చదు, తుడవదు.

అయినా సైటు వాళ్లెవరూ దాని జోలికి వెళ్లడం లేదు. ఆ ఆఫీసు పద్ధతే అంత. ఫైలులో ఏ తేడా వచ్చినా, చివరగా తెరిచినవాడి మెడకే చుట్టుకునేది.

ఈ టూలు వాడే పద్ధతి రాయడానికి కొత్తగా చేరిన తన్మయికి వెంకటాద్రి గారు తెగేసి చెప్పారు. "నువ్వు రాసింది చదువుకుని, నాగాయలంకలో మన సర్వేయరు సీమోను ఎవరినీ అడక్కుండా కొత్త మ్యాపేదో తేల్చాలమ్మాయ్. తేల్చాడా, నీ ఉద్యోగం ఖాయం. లేదంటే ఈ నెలతో సరి."

ఆ రోజు నుంచీ వంశీకి ఊపిరాడలేదు.

"తప్పు నంబరు కొడితే ఏమవుతుంది?"

"రాదు."

"రాదంటే? ఖాళీగా ఉంటుందా, ఎర్రక్షరాలు వస్తాయా?"

"ఎర్రక్షరాలే. తన్మయి గారూ, ఇంట్లో కూర తినేముందు కూడా ఇన్ని ప్రశ్నలేనా?"

"వండినవాళ్లు రుచి చూశారా అని ఒక్కటే అడుగుతాను."

తన్మయి తనే కొట్టి చూడనిదే ఒక్క వాక్యం రాసేది కాదు. వంశీ విసుక్కునేవాడు. ఆమె ఏమీ అడగని పూట మాత్రం, ఏమైందోనని మానిటరు పక్కనుంచి తొంగి చూసేవాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"కేబులు సరిగ్గా ఉందో లేదోనని."

"కేబులు అటువైపు ఉంది."

మూడో పేజీ దగ్గర కరెంటు పోయింది. "వెర్షన్ నంబరు ఇవ్వకపోతే?" అని అడిగింది తన్మయి.

"అన్నిటికన్నా కొత్తది వచ్చేస్తుంది," అన్నాడు వంశీ ధీమాగా.

ఆమె అతని మొహంలోకి చూసింది. రాసేసింది.

సీమోను ఎలా తేలుస్తాడో చూడ్డానికి శనివారం ఇద్దరూ వంశీ బండి మీద నాగాయలంక బయలుదేరారు. చల్లపల్లి దాటగానే వాన పట్టుకుంది. ఉన్న ఒక్క రెయిన్‌కోటూ ల్యాప్‌టాప్‌కి చుట్టారు. పులిగడ్డ వారధి మీద గాలి విసురుకి ఆమె అతని భుజం పట్టుకుంది.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి."

"ఇంతకన్నా నెమ్మదంటే దిగి నడవాలండీ," అన్నాడు, ఇంకాస్త నెమ్మది చేస్తూ.

నాగాయలంక అవతల చెరువు గట్టు మీద కాలవ తవ్వడానికి పొక్లెయిన్ సిద్ధంగా ఉంది. రేకుల షెడ్డులో సీమోను కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ పైకి చదివాడు. "'మీరు చూసినంత మాత్రాన ఫైలులో ఏదీ మారదు.' ఈ ముక్క రాసిన చెయ్యి చల్లగుండాలమ్మా!"

రెండు పేజీలు సాఫీగా నడిచాయి. మూడో పేజీలో చెప్పినట్టే వెర్షన్ నంబరు వదిలేసి నొక్కాడు. తెర మీద ఎర్రక్షరాలు. సీమోను కరెంటు షాకు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"నేనేం చెయ్యలేదమ్మా! కాగితంలో ఉన్నట్టే కొట్టాను!"

"తేలకపోతే చెప్పండి, నా దగ్గర మ్యాపు ప్రింటుంది. తవ్వేస్తా," అన్నాడు పొక్లెయిన్ డ్రైవరు.

తన్మయి బురదలోకి దిగి పొక్లెయిన్‌కి అడ్డంగా నిలబడింది. "అది పాతదైతే మళ్లీ పూడ్చేది మీరేనా? సాయంత్రం దాకా ఆగండి." తర్వాత వంశీ వైపు తిరిగింది. "కొత్తది వచ్చేస్తుందన్నారు."

"అలా పెడదామనుకున్నాను. ఇంకా పెట్టలేదు."

"మరి ఉందని ఎందుకు చెప్పారు?"

"మీ ముందు లేదనడం నామోషీ అనిపించింది."

"నేను కొట్టి చూడకుండా రాసింది ఇదొక్కటే. మీరు చెప్పారని."

అరవలేదు. అరిచినా బాగుండేది.

వంశీ అక్కడే ఫోను తీశాడు. "వెంకటాద్రి గారూ, సీమోను గారు మూడో పేజీలో ఆగిపోయారండీ. తప్పు తన్మయి గారిది కాదు. టూలులో లేనిది ఉందని నేనే చెప్పాను."

"తప్పెవరిదైతే నాకేం? చీకటి పడేలోపు వాడు ఎవరినీ అడక్కుండా తేల్చాలి. అంతే."

తన్మయి అప్పటికే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "ఇక మీరు చెప్పద్దు. చేసి చూపించండి."

ముందు ఆ ఫైలుకి ఎన్ని వెర్షన్లున్నాయో అడగాలి. అందులో చివరి నంబరు తీసుకుని మళ్లీ అడగాలి. వంశీ చేసి చూపించాడు. ఆమె తనే మళ్లీ చేసింది, అప్పుడు రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: "ఎర్రక్షరాలు వస్తే ఫైలు పాడవలేదు, మీరు ఇవ్వాల్సింది ఏదో తగ్గింది." ఆ పేజీ సీమోను ఫోనుకి పంపి, ఇద్దరూ షెడ్డు వదిలి బయటికొచ్చారు.

వాన తగ్గలేదు. లోపల్నుంచి చప్పుడు లేదు. వెనక్కి తిరిగి చూడకూడదని పళ్లు బిగించుకుని నిలబడింది తన్మయి.

"ఏడోదమ్మా కొత్తది!" సీమోను కేక. "బుధవారం మన ఆఫీసు అనిల్ కుమార్ మార్చాడు. కాలవని ఆ తాడిచెట్ల అవతలికి జరిపాడు!"

డ్రైవరు తన ప్రింటు చూసుకున్నాడు. అందులో కాలవ చెట్లకి ఇవతలుంది. పొక్లెయిన్ అటు తిప్పాడు.

"ఎవరినీ అడగలేదు కదా?" అన్నారు ఫోనులో వెంకటాద్రి గారు, సీమోనుతో.

"అడుగుదామన్నా ఇద్దరూ వానలో నిలబడి తడుస్తున్నారండీ. పాపం, గొడుగు కూడా లేదు," అన్నాడు సీమోను.

"సరే. ఆ అమ్మాయిని సోమవారం వచ్చి ఉద్యోగం ఆర్డరు తీసుకోమను."

తిరుగుదారిలో కూచిపూడి సెంటర్లో తన్మయి బండి ఆపించింది.

"మీ ఊరేగా. ఇంటి దగ్గర దింపేసి వెళ్తాను," అన్నాడు వంశీ.

"అందుకు కాదు. దారి పొడుగునా ఏదో చెప్పబోయి మింగుతున్నారు. అదేంటో చెప్పండి."

వంశీ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "మీరంటే ఇష్టమండీ. పెళ్లి చేసుకోవాలనుంది."

"ఎప్పట్నుంచి?"

"తెలియదు. నిజంగానే తెలియదు."

తన్మయి నవ్వింది. "పదండి. మా నాన్నగారు కోదండరామయ్య గారు ఈ వేళకి అరుగు మీదే ఉంటారు."

"ఇప్పుడా? ఒళ్లంతా బురద!"

"నాకూ ఉందిగా. రిటైరైన మాస్టారు, చాలా అడుగుతారు. తెలియనిది తెలియదని చెప్పండి, చాలు. పోయినవారమే మీ గురించి చెప్పేశాను."

"ఏమని?"

"అది ఆయన్నే అడగండి."

వంశీ బండి ఆమె చూపించిన సందులోకి తిప్పాడు.