ఏడో వరస

రుచి పరీక్ష మొదటి రోజే ఆ లెక్కల అమ్మాయి అందరి ముందూ నా తప్పు పట్టింది. బిస్కెట్టుకీ బిస్కెట్టుకీ మధ్య నేను నీళ్లు పుక్కిలించలేదట. పన్నెండేళ్లుగా ఓవెన్ ముందు నిలబడ్డవాడికి రుచి చూడటం నేర్పాలా అన్నాను.

"నాలుక మీదే కావచ్చు మాస్టారూ, మార్కుల పట్టిక మాత్రం నాది" అంది.

అంత మాట అన్న మనిషిని మర్చిపోవాలి. మర్చిపోలేకపోవడం నా ఖర్మ.

మా ఫ్యాక్టరీలో రుచి చూసేవాళ్లం ఎనిమిదిమందిమి. నంబర్లు వేసిన గిన్నెల్లో బిస్కెట్లు పెడతారు. ఏది ఎవరి తయారీయో చెప్పరు. పదికి ఇన్ని అని మార్కులేసి ఇస్తాం. వాటిని ఆ అమ్మాయి కంప్యూటర్లో ఎక్కించి ఆర్ అనే భాషలో లెక్కలు తీసేది. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో మనిషి, నిలువుగా ఒక్కో వరస ఒక్కో గిన్నె. అడ్డంలో ఏడోది నాది.

ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. అయినా షిఫ్టు దిగాక ఆమె గదిలో కూర్చుంటే ఓపిగ్గా చెప్పేది. పట్టిక పేరు 'రుచి'; దాని పక్కన బ్రాకెట్లో ముందు అడ్డం నంబరు, కామా, తర్వాత నిలువు నంబరు. నంబరు ముందు మైనస్ పెడితే ఆ వరస తప్ప మిగతావన్నీ వస్తాయి. కామా తర్వాత ఏమీ రాయకపోతే ఏమీ రాదు కదా అన్నాను. నవ్వింది.

"ఇక్కడ ఖాళీ అంటే అన్నీ అని."

అప్పుడు దిగాడు కెమిస్టు, పట్టికలో నాలుగో వరసవాడు. నలగని చొక్కా, నలగని మాట. ఆమె కుర్చీ వెనక నిలబడి తెరలోకి వంగి చూసేవాడు. అంత వంగి చూడ్డానికి అక్కడ అంకెలు తప్ప ఏముంది? నా కడుపులో మంటకి ఒక ట్రే బిస్కెట్లు కాలిపోయేవి.

ఆ వారం వాడి కొత్త నిమ్మ బిస్కెట్టు పరీక్షకొచ్చింది. గిన్నె మీద నంబరే ఉంటే ఏం, కాల్చింది నేను, ఆ వాసన పట్టనా? రెండు మార్కులేసి కసి తీర్చుకుందామనుకున్నాను. పాడు బిస్కెట్టు, బాగుంది. ఎనిమిది వేసి, నన్ను నేనే తిట్టుకుంటూ లేచాను.

మర్నాడు వెళితే ఇద్దరూ తెర ముందున్నారు. తెర మీద ఇలా ఉంది: రుచి[-7, ].

ఆ మాత్రం చదవగలను, ఆమె నేర్పిందే. నన్ను తీసేసింది. వాడి నాలుగో వరస మాత్రం రాజాలా ఉంది. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. తర్వాతి పరీక్షకి వెళ్లలేదు.

ఆమే ఓవెన్ గదికి వచ్చి, ఎందుకు రాలేదని అడిగింది.

"తీసేసినవాడికి పిలుపులెందుకు? మీ నాలుగో వరసాయన ఉన్నాడుగా."

తెర మీద మైనస్ ఏడు నేను చూశానని అప్పుడు అర్థమైంది ఆమెకి. పిండి బస్తా మీద కూర్చుని చెప్పింది. ప్రతి పరీక్షలోనూ ఒకే బిస్కెట్టుని రెండు గిన్నెల్లో దాచి పెడుతుందట. రెండింటికీ ఎప్పుడూ ఒకే మార్కు వేసేది నేనొక్కణ్ణేనట. కెమిస్టు ఒకదానికి తొమ్మిది, రెండోదానికి నాలుగు వేశాడట. అందుకే మిగతా ఏడుగురినీ నాతో పోల్చి చూస్తోందట.

"కొలబద్దని గుడ్డలో కలిపి కొలుస్తారా మాస్టారూ? పక్కన పెట్టే కొలుస్తారు."

నేను ట్రే తుడవడం మొదలుపెట్టాను, ఆమె వదల్లేదు.

"నిమ్మ బిస్కెట్టు ఎవరిదో మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి ఎనిమిదెందుకు వేశారు?"

"బాగుంది కాబట్టి" అన్నాను, పళ్లు కొరుకుతూ.

"కోపంకొద్దీ రెండో మూడో వేస్తారేమోనని భయపడ్డాను. వేసుంటే ఇవాళ ఇక్కడికి వచ్చేదాన్ని కాదు."

లేచి, పిండి చల్లిన బల్ల మీద వేలితో రాసింది: [7, ].

"చదవండి."

"ఏడో వరస. కామా. ఖాళీ."

"ఖాళీ అంటే?"

"అన్నీ" అన్నాను. "ఈ కుళ్లుబోతుతనం కూడానా?"

"వరస మొత్తం తీసుకున్నాక అందులో గళ్లు ఏరుకుంటానా?" అంది.

మా పెళ్లికి కెమిస్టు కూడా వచ్చాడు. వాడు తెచ్చిన కానుక ఇప్పటికీ విప్పలేదు.