తిరగెయ్యని బిళ్ల

నీళ్లంటే అతనికి ఎంత భయమంటే, మొహం కడుక్కునే ముందు కూడా చెంబు వంక ఓసారి అనుమానంగా చూసేవాడు. అలాంటివాడు సముద్రం దాటి, సరస్సు ఒడ్డున జరిగే క్రైస్తవ యువజన క్యాంపుకి వంటసేవకు వెళ్లాడు. దరఖాస్తులో ఈత వచ్చా అని అడిగినచోట, రాదంటే తీసుకోరేమోనని వచ్చని రాసిపారేశాడు.

అక్కడ ఈత నేర్పే టీచరమ్మ తెలుగమ్మాయే అని తెలిసి పొంగిపోయాడు. ఆ పొంగు పది నిమిషాలు నిలవలేదు. సేవకు వచ్చినవాళ్లందరికీ తానే ఈత పరీక్ష పెడతాననీ, తప్పినవాళ్లని విమానమెక్కించి వెనక్కి పంపేస్తారనీ ఆమె చల్లగా చెప్పింది.

ఆనాటి నుంచి అతనికి రోజుకో రోగం. సోమవారం జలుబు, మంగళవారం చెవిపోటు, బుధవారం రెండూ కలిపి. ఆమె రోజూ వంటగది కిటికీ దగ్గరికొచ్చి ఆరా తీసేది.

"వంట మాస్టారూ, ఇవాళ ఏం జబ్బు?"

"నడుం పట్టేసిందండీ."

"అంత గంగాళం ఎత్తినప్పుడు పట్టలేదా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయేది. ఆ నవ్వు కోసమే మర్నాటికి కొత్త జబ్బు వెతుక్కునేవాడు. లోపల మాత్రం గుబులే. పరీక్ష పెడితే పంపేస్తారు, పంపేస్తే ఆ నవ్వు ఉండదు.

ఒడ్డున ఒక చెక్క పలక, దాని నిండా మేకులు, మేకు మేకుకీ ఒకరి పేరు రాసిన బిళ్ల. నీళ్లలో దిగేవాళ్లు తమ బిళ్లని ఎర్రవైపు తిప్పాలి, బయటికొచ్చాక తెల్లవైపు. మరిచిపోయినవాళ్లకి టీచరమ్మ చేతిలో మూడినట్టే.

ఆఖరి రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఈల మోగింది. పిల్లలంతా బయటికొచ్చి బిళ్లలు తిప్పేశారు. అతను సూప్ గంగాళంతో వచ్చేసరికి పలక ముందు అందరూ కొయ్యబారి నిలబడ్డారు. ఒక్క బిళ్ల ఎర్రగానే ఉంది.

టీచరమ్మది.

పాస్టరుగారు పడవ కోసం పరిగెత్తారు. వాన మొదలై సరస్సంతా నల్లబడింది. అతను గంగాళం దించాడో వదిలేశాడో అతనికే తెలీదు. మోకాళ్లు మునిగాయి, నడుం మునిగింది. ప్రభువా, నన్ను వెనక్కి పంపేసినా సరే, ఆమెని బయటికి పంపు అనుకుంటూ ఇంకో అడుగు వేశాడు. కాలికింద నేల అందలేదు.

నాలుగు గుటకలు మింగాక ఎవరో కాలర్ పట్టి లాగారు. కళ్లు తెరిస్తే టీచరమ్మ. తేనెటీగ కుట్టిన పిల్లని ఎత్తుకుని వెనకదారిన మందుల గదికి పరిగెత్తిందట. ఆ కంగారులో బిళ్ల మాట మరిచింది.

ఒడ్డున కూలబడ్డాక ఆమే అడిగింది.

"ఈత వచ్చని రాశారుగా?"

"రాయడం వచ్చండీ."

"రానివాడివి ఎందుకు దిగావు?"

"నీ బిళ్ల ఎర్రగా ఉంది."

ఆమె లేచి తన బిళ్ల తెల్లవైపు తిప్పింది. పక్క మేకుకున్న అతని బిళ్ల వంక చూసింది. వారం నుంచీ కదలని తెలుపు.

"తిప్పకుండా దిగావు. నువ్వు మునిగిపోతే నాకెలా తెలుస్తుంది?"

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. తనలాగే ఆమె కూడా భయపడిందని అతనికి అప్పుడు తెలిసింది.

"పరీక్ష తప్పినట్టేనా?" అన్నాడు మెల్లగా.

"తప్పావు. సప్లిమెంటరీ మా ఇంట్లో, మా నాన్నగారు పెడతారు. ఆ రోజు జబ్బు చేసిందంటే ఒప్పుకోను."

అతని గుండెల్లో మళ్లీ రాయి పడింది. అయినా తప్పకుండా వస్తానన్నాడు. అంటూనే గట్టిగా తుమ్మాడు. వారంలో అదొక్కటే నిజం జలుబు.