దానయ్య పక్కన కెరటం లేవదు

ఎడమ పక్క ముప్పై గజాల దూరంలో ఒక కెరటం లేచింది. కుడి పక్క అంతే దూరంలో ఇంకొకటి లేచింది. రెండింటి మీదా ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఒడ్డు దాకా జారుకుంటూ పోయారు. నడిమధ్య సర్ఫ్ బోర్డు మీద కాళ్లు చెరోపక్కా వేలాడేసుకుని కూర్చున్న దానయ్య కింద మాత్రం సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది.

ఇది పదకొండో రోజు. విశాఖపట్నం బీచ్ రోడ్డు ముందు కొత్త యంత్రాన్ని ప్రారంభించిన నాటినుంచి, ఆ నీళ్లలో దిగిన ప్రతి మనిషికీ కావలసినన్ని కెరటాలు దొరుకుతున్నాయి. నిన్నగాక మొన్న బోర్డు కొన్నవాళ్లకి కూడా దొరుకుతున్నాయి. దానయ్యకి మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. యాభై ఎనిమిదేళ్ల దానయ్య ఆ ఒడ్డున అందరికంటే ముందు సర్ఫింగ్ నేర్చినవాడు. ఇవాళ అక్కడ బోర్డు మీద నిలబడగలిగిన వాళ్లలో సగంమందికి నిలబడటం నేర్పింది ఆయనే. ఊరందరికీ వండిపెట్టిన వంటవాడికి విస్తరి వెయ్యడం మరిచిపోయినట్టుంది వ్యవహారం.

మొదటి రెండు రోజులూ అందరూ నవ్వారు. గంగమ్మకి నామీద అలకొచ్చిందిరా అని ఆయనా నవ్వాడు. మూడో రోజుకి జనం అసలు సంగతి కనిపెట్టారు. దానయ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ సముద్రం చల్లబడిపోతోంది. ఆయన పక్కనున్నవాళ్ల కెరటం కూడా నీరసించిపోతోంది. ఆ తర్వాత నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే చేతులతో నీళ్లు తోసుకుంటూ, ఏదో పనున్నట్టు దూరంగా జరిగిపోయారు. దానయ్యకి అది చాలా కష్టంగా ఉంది.

తబస్సుమ్ ఒక్కతే నోరు విడిచి అడిగింది. ఆమె ఆసుపత్రిలో నర్సు, పాతికేళ్ల పిల్ల. డ్యూటీకి వెళ్లేముందు ఒక గంట సముద్రంలో గడపకపోతే ఆమెకి రోజు రోజులా ఉండదు. నాలుగేళ్ల కిందట ఆమెకి సర్ఫింగ్ నేర్పింది దానయ్యే.

"మావా, ఏం అనుకోకు. కాస్త అటు రాళ్లవైపు జరుగుతావా? ఎనిమిదింటికల్లా నేను వార్డులో ఉండాలి" అంది, ఆయన మొహం చూడకుండా.

దానయ్య జరిగాడు.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. సముద్రంలో నడిచొచ్చే కెరటం ఎక్కడ విరగాలో నిర్ణయించేది కిందనున్న నేల. లోతు బాగా ఉన్నంతసేపూ నీరు ఉబ్బెత్తుగా సాగిపోతుందే తప్ప విరగదు. లోతు తగ్గి ఇంచుమించు కెరటం ఎత్తుకి వచ్చేసరికి దాని అడుగు నేలకి రాసుకుని నెమ్మదిస్తుంది, తల మాత్రం వచ్చిన వేగంతోనే ముందుకి తూలుతుంది. సర్ఫర్‌కి కావలసింది ఆ తూలే క్షణమే. నేలని మన ఇష్టప్రకారం పైకీ కిందికీ కదిపితే కెరటాన్ని మనకి కావలసిన చోట విరగ్గొట్టవచ్చు కదా అని ఆలోచించింది డాక్టర్ మందాకిని అనే సముద్ర శాస్త్రవేత్త. ఆరువందల పెద్ద రబ్బరు సంచుల్ని వరసలుగా సముద్రం అడుగున పరిపించింది. పంపులు నీళ్లు తోస్తే సంచి ఉబ్బుతుంది, లాగేస్తే చదునైపోతుంది. కాగితాల మీద దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ, ఊరి జనం మాత్రం పరుపు అని పిలుస్తారు.

ఎవరికి ఎలాంటి కెరటం కావాలో పరుపు ఎవరినీ అడగదు. బోర్డుతో నీళ్లలో దిగే ప్రతివాళ్లూ ముంజేతికి ఒక బ్యాండు కట్టుకోవాలి. బ్యాండు లేని బోర్డుల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. ప్రారంభానికి ముందు రెండేళ్లపాటు, పంపులు ఆపి ఉంచి, కంప్యూటర్ ఊరికే గమనిస్తూ కూర్చుంది. ఎవరు ఏ కెరటాన్ని ఎక్కాలని నీళ్లలో చేతులాడించారు, దేన్ని పోనిచ్చారు అన్నదంతా బ్యాండుల ద్వారా నేర్చుకుంది.

ఆ రెండేళ్లలో మందాకినిని బాధపెట్టిన లెక్క ఒకటుంది. గంటసేపు సముద్రంలో ఉన్న మనిషి కెరటం మీద ఉండేది రెండు మూడు నిమిషాలు. మిగతాదంతా కూర్చోవడమే. ఆమె తన రిపోర్టులో దాన్ని వృథా కాలం అని రాసి, దాన్ని పూర్తిగా తీసేస్తానని మాటిచ్చింది, అన్నంత పనీ చేసింది.

దానయ్యకి ఆ వృథా కాలం తప్ప ఇంకేమీ లేదు. భార్య పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. జాలరిపేటలో ఒంటిగదికి తాళం తీసి లోపలికెళ్తే, మర్నాడు తెల్లారే దాకా ఆయనతో మాట్లాడే మనిషి ఉండడు. పొద్దున్నే సముద్రంలో, బోర్డుల మీద వరసగా కూర్చుని కెరటం కోసం ఎదురుచూసే ఆ యాభై నిమిషాల్లోనే ఆయన సంసారమంతా నడిచేది. ఎవడి ఉద్యోగం ఊడింది, ఎవరింట్లో పెళ్లిచూపులు, ఎవరి అమ్మకి మోకాళ్ల నొప్పులు, అన్నీ అక్కడే వినేవాడు. ఇప్పుడు ఎదురుచూడవలసిన పని లేక, ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరి కెరటం వాళ్లది. ఒకటి కాగానే ఇంకొకటి.

పోనీ ఇంకో చోటికి పోదామని ఒకరోజు బోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కి భీమిలి దాటి వెళ్లాడు. అక్కడ యంత్రాలేవీ లేవు. మంచి కెరటం దొరికింది, నిండుగా ఒడ్డు దాకా తెచ్చింది. ఒడ్డెక్కి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. చూసినవాళ్లు ఎవరూ లేరు. ఇంకొకటి ఎక్కబుద్ధి కాక తిరుగు బస్సు పట్టుకున్నాడు.

ఆ మర్నాడే బీచ్ గేటు పక్కనున్న కంట్రోల్ రూముకి వెళ్లి మందాకినిని కలిశాడు. ఆమె పెద్ద మర్యాదస్తురాలు. కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆయన బ్యాండు నంబరు కొట్టి స్క్రీన్ చూసింది. చూసి, దాన్ని ఆయన వైపు తిప్పింది.

"దానయ్య గారూ, రెండేళ్లలో మీ చేతికందేంత దగ్గరికి వచ్చిన కెరటాలు పన్నెండు వేలు. అందులో పదకొండు వేల నాలుగువందలు మీరు వదిలేశారు. ఎక్కిన ఆరువందలూ ఇంటికెళ్లడానికి ఒడ్డు చేరుకునేవి. ఈయనకి కెరటాలు ఇష్టం లేదు, నీళ్లలో ప్రశాంతంగా కూర్చోవడం ఇష్టం అని కంప్యూటర్ నిర్ణయించేసుకుంది. మీ సుఖం కోసమే, మీదాకా రాకుండా దూరంగానే విరగ్గొట్టేస్తోంది."

"నాను ఇష్టంనేక ఒగ్గీనేదమ్మా" అన్నాడు దానయ్య. "పక్కనోడికి కావాలని ఒగ్గీసినాను."

ఆయన అన్నది నిజమే. తెప్పల మీద వేటకెళ్లి తిరిగొచ్చేటప్పుడు దానయ్య తండ్రి కాలంలో ఒక పద్ధతుండేది. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగేచోట తెప్ప తిరగబడితే ప్రాణానికే ముప్పు. అందుకని అందరిలోకీ పెద్దవాడు తన తెప్పని అవతలే ఆపుకుని, మంచి అదను చూసి చిన్నవాళ్లని ఒక్కొక్కరినే ముందు పంపేవాడు. అందరూ ఒడ్డెక్కాక ఆఖరున తను వచ్చేవాడు. దానయ్య తెప్ప వదిలి బోర్డెక్కినా పద్ధతి వదల్లేదు. పక్కన ఒక్కరికి కావాలనున్నా చెయ్యి ఆడించడు. ఎల్లు, ఎల్లిపో అని అరిచి వాళ్లని పంపిస్తాడు. పోయేముందు తనకంటూ ఒకటి, ఆఖరిది.

ఇదంతా మందాకిని శ్రద్ధగానే వింది. కానీ ఇష్టంలేక వదిలినా, ఇంకొకరి కోసం వదిలినా బ్యాండుకి ఒకేలా కనిపిస్తుందని చెప్పింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పరుపు దగ్గర నోటితో అడిగినా లాభంలేదు, చేతులతో అడగాలి.

ఏదో ఒక బటన్ నొక్కి సరిచెయ్యమని బతిమాలాడు దానయ్య. బటన్ లేదంది. కావాలనే పెట్టలేదట. మన ఊళ్లో బటనంటూ ఒకటుంటే, ఫలానా వారి బావమరిది వస్తున్నాడు, మంచివి నాలుగు పంపండి అని పొద్దున్నుంచీ ఫోన్లే. సిఫార్సు చెల్లని యంత్రం ఒక్కటైనా చేద్దామని, తన చెయ్యి కూడా పడకుండా కట్టింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం కనిపించింది. గర్వపడవలసిన సంగతే.

"ఒకటే దారి. ఇంకొకరు ఎక్కబోతున్న కెరటాన్ని మీరు ముందుకెళ్లి ఎక్కెయ్యండి. ఒక యాభైసార్లు అలా చేస్తే అది తన అభిప్రాయం మార్చుకుంటుంది."

"లాక్కోమంటారా?"

"అవును" అంది మందాకిని, ఇబ్బందిగా.

మర్నాటినుంచి దానయ్య దొంగతనం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తన చుట్టూ ఉన్న చదును నీళ్ల అంచుకి వెళ్లి, పక్కవాళ్ల కెరటం కోసం కాచుకున్నాడు. తబస్సుమ్ కూడా, నాది తీసుకో మావా, నాకేం నష్టంలేదు అని ముందే చెప్పింది. కెరటం లేచింది. దానయ్య బోర్ల పడుకుని రెండు బారలు వేశాడు. పక్కన ఆ పిల్ల కూడా వస్తోంది, ఆమె కళ్లు కెరటం మీదే ఉన్నాయి. ఆయన చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఎల్లెల్లు, ఎల్లిపో అని నోరు అరిచేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వారం రోజుల్లో ఆయన ఇంకో నలభై కెరటాలు వదిలేశాడు. కంప్యూటర్ నలభైనీ రాసుకుని, ఆయన ప్రశాంతతని ఇంకో పది గజాలు పెంచింది.

ఆ పెరిగిన చదును ఒడ్డుని తాకింది. ఆదివారం పొద్దున ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి దాన్ని చూసింది. బీచ్ అంతా కెరటాలు విరుగుతుంటే, ఒక్కచోట మాత్రం నీళ్లు మోకాలి లోతున నిమ్మళంగా ఉన్నాయి. పిల్లల్ని అక్కడ దింపింది. పదింటికల్లా యాభై కుటుంబాలు అక్కడే మూగాయి. ఏటా ఆ ఒడ్డున స్నానాలకి దిగి కెరటం ఈడ్చుకుపోయినవాళ్లు ఉంటూనే ఉన్నారు. ఆ ఆదివారం ఎవరికీ మోచెయ్యి కూడా గీరుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత మందాకిని, బీచ్ వ్యవహారాలు చూసే అధికారి ఒకాయనా కలిసి దానయ్య గదికి వచ్చారు. ఆ గదికి ఇద్దరు మనుషులు ఒకేసారి రావడం ఆరేళ్లలో అదే మొదలు. అధికారి సంగతి చెప్పాడు. స్నానాలకి వచ్చే పిల్లలకి బ్యాండ్లు కట్టి చూశారట. కెరటం వస్తే పిల్లలు గెంతుతారు, కేరింతలు కొడతారు. వీళ్లకి భలే ఇష్టమని కంప్యూటర్ ఇంకాస్త పెద్దది పంపిందట. కెరటం వద్దని అంత గట్టిగా నమ్మించిన మనిషి ఊరు మొత్తానికి దానయ్య ఒక్కడే. కనక స్నానాలచోటుకి హద్దుగా పాతిన ఎర్రజెండాల అవతల, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన నీళ్లలో కూర్చోవాలి. అదే ఉద్యోగం. ఇంకేమీ చెయ్యనక్కర్లేదు.

"చెయ్యకూడదు కూడా" అంది మందాకిని మెల్లగా. "ఒక్క కెరటానికి చేతులాడించినా అది మళ్లీ ఆలోచనలో పడుతుంది. దాన్ని నమ్మి పిల్లల్ని దింపలేం."

దానయ్య గోడకి ఆనించిన బోర్డు వైపు చూశాడు. "మరి ఇంటికొచ్చీటప్పుడు? ఆఖరిదమ్మా."

"అదీ వద్దు దానయ్య గారూ. బోటు పంపిస్తాం."

పెద్దవాడు ఆఖరున రావాలన్నారు గానీ, అసలు రాకూడదని తెప్పల కాలంలో కూడా ఎవరూ అనలేదు. అయినా ఒడ్డున పిల్లలున్నారంటే దానయ్యకి కాదనడం చేతకాదు. సరే అన్నాడు.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక్క ప్రాణం పోలేదు. పేపర్లో ఫొటో వేశారు. ఒడ్డునుంచి తల్లులు చెయ్యి ఊపేవారు, ఆయనా ఊపేవాడు. వాళ్లకీ ఆయనకీ నడుమ ఎనభై గజాల చదును నీళ్లు ఉండేవి. సర్ఫింగ్ పిల్లలు అటువైపు చివరికి మారిపోయారు. సాయంత్రానికి దానయ్యకి తన గొంతు తనకే కొత్తగా వినపడేది.

ఒకరోజు మధ్యాహ్నం, ఎవరో బోర్డు మీద ఆయన వైపు వస్తూ కనిపించారు. తబస్సుమ్. ఆవేళ ఆమెకి సెలవు. వచ్చి పక్కన కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. ఎన్నాళ్లయింది మావా అంది. వార్డులో ఒక ముసలాయన మందులు దిండు కింద దాచిన సంగతి చెప్పింది, తనకి సంబంధం కుదిరిన సంగతి చెప్పింది, ఆ అబ్బాయికి ఈతే రాదని చెప్పి నవ్వింది. దానయ్య కడుపారా నవ్వాడు. అబ్బాయి పేరేటి, వొంట వొచ్చా అని అడిగాడు. ఇంకా అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి.

పావుగంట గడిచేసరికి బోర్డుల కింద నీళ్లు బరువుగా కదిలాయి. దానయ్య మాట ఆపి వెనక్కి చూశాడు. దూరంగా నీరు ఉబ్బుతోంది. ఒడ్డున ఎర్రజెండాల మధ్య పిల్లలు మోకాళ్ల లోతులో ఆడుకుంటున్నారు.

"నేను ఎక్కను మావా. ఊరికే నీతో కూర్చుందామని వచ్చాను" అంది తబస్సుమ్.

"తెలుసమ్మా. దానికి తెల్దు. నీ బ్యాండు సూసి కెరటం లేపుతాది. ఎల్లు."

"ఇంకో అయిదు నిమిషాలు."

రెండో ఉబ్బు మొదటిదానికంటే ఎత్తుగా వచ్చి వాళ్ల కిందనుంచి దాటింది. ఒడ్డున ఒక పిల్లవాడు కూలబడి లేచాడు. వాడి తల్లి పరుగెత్తింది.

"ఎల్లమ్మా" అన్నాడు దానయ్య. "మళ్లీ రాకు."

ఆమె బోర్డు తిప్పుకుంది. చేతులతో నీళ్లు తోసుకుంటూ అటు చివరికి పోయింది. ఆమె దూరమైనకొద్దీ నీళ్లు సర్దుకున్నాయి. మూడో కెరటం దారిలోనే విరిగిపోయింది. కాసేపటికి అటువైపు చివర ఒక మంచి కెరటం లేవడం, దాని మీద ఆ పిల్ల నిలబడటం దానయ్యకి కనిపించింది. ఒడ్డు మీద తల్లి పిల్లవాడి చెయ్యి వదిలిపెట్టింది. దానయ్య అటు తిరిగి, నీళ్లలో ఉన్న తలకాయలు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై మూడు. అందరూ ఉన్నారు.