దర్జీగారి కాళ్ళు

ఆ ఉదయం దర్జీగారు మంచం మీద కాక కుర్చీలో నిద్ర లేచారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక, దిండ్ల దొంతరను వీపుకు ఆనించుకుని, కొలువుతీరిన చక్రవర్తిలా కూర్చునే కునుకు తీశారు. సింహాసనానికి లోటు లేదు గాని, చక్రవర్తిగారి పాదాలే తిత్తుల్లా పొంగి చెప్పుల్లో పట్టడం లేదు.

భార్య ఆ పాదాన్ని వేలితో నొక్కి చూసింది. పడిన గుంట ఎంతకీ పూడలేదు. ఆమె గుండె జారి ఆ గుంటలోనే పడినట్టయింది.

"డయాలసిస్ చేయించుకుంటున్నా ఇంత నీరేమిటండీ?"

"తాగిన చుక్క ఎక్కడికి పోతుంది? పాపం, దానికీ తలదాచుకునే చోటు కావాలిగా!"

"హాస్యాలకేం తక్కువ లేదు. ఇవాళ నేనూ వస్తాను."

"నువ్వెందుకే? కొత్త మిషను ఇట్టే కానిచ్చేస్తోందన్నానుగా!"

ఆ ఇంట మిషను మాటంటే వేదవాక్కు. కుట్టుమిషనుకు మోటారు బిగించిన నాటినుంచి పూటంతా పట్టే పని చిటికెలో తెమిలిపోతోంది. కనుక ఆసుపత్రికి కొత్త మిషను వచ్చిందనీ, అది మునుపటికన్నా గంట ముందే రక్తం కడిగేస్తోందనీ ఆయన సెలవిచ్చినప్పుడు ఆమె శంకించలేదు సరికదా, ఇరుగుపొరుగు ముందు ఆ యంత్రరాజాన్ని వేనోళ్ళ కొనియాడింది కూడా. ఇక పడుకున్నా ఆగని ఆయన కాళ్ళు చూసి ఇంటిల్లిపాదీ నవ్వేవారు: "నిద్దట్లోనూ మిషను తొక్కుతున్నారు!"

వార్డులో నర్సు సూదులు గుచ్చి, టేపు అంటిస్తూ అంది: "బాబాయిగారూ, ఇవాళైనా చివరిదాకా ఉంటారా, లేక అలవాటు ప్రకారం గంట ముందే లేచిపోతారా? పిన్నిగారూ, మీరన్నా చెప్పండి!"

"కొత్త మిషను కదమ్మా..." గొణిగింది భార్య.

"కొత్తదెక్కడిదండీ? నేను చేరినప్పటినుంచీ ఇదే."

ఆమె మిషను కేసీ, ఆయన కేసీ మార్చి మార్చి చూసింది. డాక్టరమ్మ వచ్చి దర్జీగారి ఛాతీకి స్టెతస్కోపు ఆనించి, మొహం చిట్లించింది. "మధ్యలో లేచిపోతే నీరు లోపలే మిగిలిపోతుంది. ఆ బరువంతా గుండె మోస్తోంది. ఎంతకాలమని మోస్తుంది? ఏదో ఒకరోజు ఆగిపోతుంది."

భార్య ఆయన వైపు తిరిగింది. "నన్ను ఒంటరిదాన్ని చేసి పోవడానికేనా, ఆయుష్షును వారంవారం ఇలా కత్తిరించుకుంటున్నారు?"

"ఉండలేకపోతున్నానే!" చక్రవర్తిగారి గొంతు చిన్నపిల్లాడి గొంతైంది. "చివరికొచ్చేసరికి కాళ్ళ ఎముకల్లో చీమలు పాకుతాయి. కదిపితే తప్ప ఆగవు. కదిపితే సూదులున్న చెయ్యి కూడా కదిలి మిషను కూస్తుంది, వార్డంతా నన్నే చూస్తుంది. కాళ్ళు కట్టేస్తారేమోనని భయం."

"నాతో చెప్పరేం?"

"ఏమని చెప్పను? అలవాటని మీరంతా నవ్వారు. నేనూ నవ్వాను."



"అలవాటు కాదు, జబ్బు," అంది డాక్టరమ్మ. "కిడ్నీలు పాడైనవాళ్ళలో చాలామందికి వస్తుంది. ఒంట్లో ఇనుము తగ్గిందేమో చూద్దాం, మందులున్నాయి. కాళ్ళెవరూ కట్టెయ్యరు. ఇవాళ్టికి మాత్రం పూర్తిగా ఉండండి."

చివరి గంట రానే వచ్చింది. దుప్పటి కింద కాళ్ళు తిరుగుబాటు ప్రకటించాయి. ఆయన కళ్ళు తలుపు వైపు పరిగెత్తాయి.

"వచ్చాయే... చీమలొచ్చాయే..."

ఆమె స్టూలు లాక్కుని, పిక్కలు రెండూ ఒడిసిపట్టి పిసకసాగింది. ఆ పొంగిన కండ వేళ్ళకింద గిలగిల్లాడుతుంటే, ఆమెకు లోపల ఆయన గుండే కొట్టుకుంటున్నట్టు తోచింది. ఉన్నట్టుండి కాలు విసురుకుని ఆమె భుజానికి తగిలింది.

"తగిలిందా?" అన్నారాయన హడలిపోయి.

"తగిలింది. తన్నండి, ఎన్నయినా తన్నండి. లేచారో, ఊరుకోను."

దర్జీగారి కన్నీళ్ళు చెంపల మీదుగా మెడ మీదికి కారాయి. తుడుద్దామంటే ఆమె చేతులు ఖాళీ లేవు.